సోమవారం బొబ్బర్లు

నేపర్‌విల్: నల్ల వెల్వెట్

అమెరికాలో బేరం ఆడకూడదని మా తమ్ముడు రమేశ్ ఎయిర్‌పోర్టులోనే చెప్పాడు. జనగామలో పాతికేళ్ళకు పైగా బట్టల కొట్టు మీద కూర్చున్న మనిషికి ఆ మాట చెప్పడం, ఉప్పు మానేయమని డాక్టరు చెప్పడం లాంటిది. తల ఊపడం వరకే. మొదటి వారంలోనే వాళ్ళ వీధిలో ఎవరో ఇంటి ముందు పాత సామాను అమ్ముతుంటే, ఐదు డాలర్ల టేబుల్ లైటును మూడుకు తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే దానికి బల్బు లేదు. ఆ లైటుకు పట్టే బల్బు ఆరు డాలర్లు.  రమేశ్ ఆ లైటును హాల్లో వచ్చేపోయేవాళ్ళకు కనబడేచోట పెట్టాడు.

వాళ్ళ ఎదురింట్లో గ్రేస్ అనే నర్సు ఉంటుంది. కామెరూన్ నుంచి వచ్చింది. ఒక ఆదివారం చర్చికి బయలుదేరుతూ కారు దగ్గర నిలబడితే చూశాను. నల్ల వెల్వెట్ గౌను, దాని మీద నారింజ, ఎరుపు, తెలుపు దారాలతో ఒత్తుగా కుట్టుపని. నా కాళ్ళు నన్ను అడక్కుండానే రోడ్డు దాటాయి. హలో చెప్పాలని కూడా తోచలేదు. గౌను అంచు పట్టుకుని తిరగేసి చూశాను. కుట్టు సంగతి వెనకవైపు చూస్తేనే తెలుస్తుంది. మెషిన్ పని అయితే వెనక కూడా శుభ్రంగా ఉంటుంది. దీనికి ముడులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. చేతిపనే.

గ్రేస్ ముందు అదిరిపడింది, తర్వాత నవ్వింది. దాన్ని తొగు అంటారట. వాళ్ళ ఊరు బమెండా వైపు ఒకప్పుడు రాజులే వేసుకునేవారట, ఇప్పుడు పెళ్ళికీ పండక్కీ అందరూ వేసుకుంటున్నారట. మేరీలాండ్‌లో మామీ కంఫర్ట్ అని ఒకావిడ కొట్లో దొరుకుతుందని చెప్పింది.

"పోతే మాత్రం అక్కడ కామెరూన్ అనకు. అంబజోనియా అను. లేకపోతే రేటు పెరుగుతుంది," అంది.

నాకు తెలియని సంగతి కాబట్టి మీకూ తెలియదనుకుని చెబుతున్నాను. ఆ నేల మొదట జర్మన్ల చేతిలో ఉండేది. తర్వాత ఇంగ్లీషువాళ్ళూ ఫ్రెంచివాళ్ళూ పంచుకున్నారు. వాళ్ళు పోయాక రెండు ముక్కల్లో ఎక్కువ భాగం ఒకే దేశంగా కలిసింది. ఇంగ్లీషు వైపువాళ్ళు వాటాదారులమనుకుని కలిశామనీ, కిరాయిదార్లలా చూశారనీ అంటారు. మొదట లాయర్లూ టీచర్లూ రోడ్డెక్కారు. తర్వాత తుపాకులు వచ్చాయి. విడిపోయి తమ దేశం తాము పెట్టుకుంటామన్నవాళ్ళు దానికి పెట్టుకున్న పేరు అంబజోనియా. అది ఏ పటంలోనూ లేదు. కొంత అక్కడి అడవుల్లో, కొంత అమెరికా ఊళ్ళలోని మీటింగ్ హాళ్ళలో ఉంది.

"మరి నువ్వేమంటావు?" అని గ్రేస్‌ను అడిగాను.

"నేనేమీ అనను. నాకు రెండు వైపులా చుట్టాలున్నారు," అంది.

రమేశ్‌కు చెబితే, "ఒక బట్ట కోసం అంత దూరమా అక్కా? ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేస్తా గదా," అన్నాడు.

"ఆన్‌లైన్ల తిరగేసి చూడనిస్తరా?" అన్నాను.

రైలు

నేపర్‌విల్ పక్కనున్న చికాగోలో ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి గానీ వాషింగ్టన్ రాదు. విమానం ఇంతకంటే చవక అని రమేశ్ లెక్క చూపించాడు. రైలంటే ఎదుట మనిషి ఉంటాడు, మాట ఉంటుంది, ఆ విలువ వాడి లెక్కలో లేదు.

నా పక్కన కూర్చున్నది ఒక లారీ డ్రైవరు. లారీ చెడిపోతే అక్కడే వదిలేసి ఇంటికి పోతున్నాడు. నా పులిహోర వాసనకు అతని తల ఇటు తిరిగింది. మూతలో పెట్టి ఇచ్చాను. తిని, కళ్ళు తుడుచుకుని, ఇంకొంచెం అడిగాడు. బదులుగా వేరుశనగ ముద్ద పూసిన బిస్కెట్ల పొట్లం ఇచ్చాడు. మాల్‌కు మాల్, ఇద్దరికీ గిట్టింది.

కాఫీ దగ్గర మాత్రం గిట్టలేదు. వేడి నీళ్ళలో రంగు కలిపినట్టున్న కప్పు నాలుగు డాలర్లు. రెండు తీసుకుంటే ఎంతకిస్తావని కౌంటరులో మనిషిని అడిగాను. అతను నన్ను చాలా మర్యాదగా చూసి, "ఎనిమిది, మ్యామ్," అన్నాడు.

మేరీలాండ్, శనివారం: ఒక మాట

వాషింగ్టన్‌కు ఆనుకునే మేరీలాండ్. స్టేషనుకు లావణ్య వచ్చింది. మా రమేశ్ స్నేహితుడు శ్రీధర్ భార్య, గుంటూరమ్మాయి. ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తుంది. నన్ను ఇంటికి తీసుకుపోయి పడుకోబెడదామనుకుంది. నేను ముందు కొట్టు చూద్దామన్నాను.

"వదినా, మీరు ట్రిప్‌కి వచ్చారా, పర్చేజింగ్‌కి వచ్చారా?"

"రెండు వేరేనా?" అన్నాను.

గోళ్ళకు రంగులేసే కొట్టుకూ, డబ్బు పంపించే కొట్టుకూ మధ్య ఉంది మామీ కంఫర్ట్ కొట్టు. ముందర మా ఊళ్ళో ఉన్నట్టే చుట్టుకునే ఇనుప షట్టర్. అమెరికాలో అలాంటిది చూడటం అదే మొదలు, మనసుకు హాయిగా అనిపించింది. లోపల ఎండుచేపలు, ఎర్ర పామాయిల్ సీసాలు, చేయంత లావు పెండలం దుంపలు, గోనెసంచిలో బొబ్బర్లు. వెనక గోడకు వేలాడుతూ తొగులు.

మామీ అంటే పేరు కాదు, వరస. పెద్ద ఆడవాళ్ళను మామీ అనీ, పెద్ద మగవాళ్ళను పా అనీ పిలుస్తారు. ఆవిడకు అరవై ఉంటాయేమో. కళ్ళద్దాలు నుదుటి మీదకు తోసుకుని, నా నలిగిన చీరనూ వాచిన కాళ్ళనూ చూసి, "అషియా," అంది.

"ఎస్, ఏషియా. ఇండియా," అన్నాను.

 ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. అషియా అనేది వాళ్ళ మాట. బరువు మోసేవాళ్ళతో అంటారు, జబ్బు మనిషితో అంటారు, పొయ్యి దగ్గర వంట చేస్తున్నవాళ్ళతో అంటారు, చావింట్లోనూ అంటారు.

"సారీ అన్నట్టా?" అని అడిగాను.

"సారీ అంటే నేను తప్పు చేసినట్టు. అషియా అంటే నీ బరువు నేను చూశానని."

తెలుగులో దానికి సరిపోయే మాట కోసం తర్వాత చాలాసేపు వెతికాను. 'అయ్యో పాపం'లో కొంచెం పైనుంచి చూస్తున్నట్టు ఉంటుంది. దొరకలేదు.

ఇక అసలు పని. ఒక తొగు తీయించి తిరగేసి చూశాను. ముడులు ఎగుడుదిగుడుగానే ఉన్నాయి. నా ముఖంలో ఏమీ కనబడనివ్వలేదు. ఎంత అన్నాను. మూడు వందల యాభై అంది. వంద అన్నాను. ఆవిడ దాన్ని మళ్ళీ హ్యాంగరుకు తగిలించింది. లావణ్య ఎండుచేపల వైపు తిరిగి నిలబడింది. నేను గుమ్మం దాకా నడిచాను. మా ఊళ్ళో అయితే గుమ్మం దాటకముందే పిలుస్తారు. ఇక్కడ గుమ్మం దాటి కారు దాకా వచ్చినా పిలవలేదు. కళ్ళద్దాలు మరిచిపోయినట్టు నటించి నేనే వెనక్కి వెళ్ళాను. అవి నా ముక్కు మీదే ఉన్నాయని ఆవిడ చూపించింది.

"ఇండియా, నువ్వు కొట్లో పుట్టావా?"

"కొట్టు వెనక ఇంట్లో."

"నేను మార్కెట్లో పుట్టాను. మూడు వందలు."

నూట యాభై దగ్గర నేనూ, రెండు వందల ఎనభై దగ్గర ఆవిడా ఆగాము. అప్పుడు గల్లాపెట్టె పక్కన ఫోటో చూశాను. నీలం యూనిఫాంలో సన్నటి పిల్ల.

"మా తమ్ముడి కూతురు మాంకా. ఆ ఫోటో పాతది. ఇప్పుడు పదహారేళ్ళు. ఆ యూనిఫాం ఇప్పుడు మోచేతుల దాకా కూడా రాదు. దాని ఈడులో చాలా ఏళ్ళు బడులు తెరవలేదు మా వైపు. స్వతంత్రం వచ్చేదాకా బడి వద్దని ఉద్యమం వాళ్ళు మూయించారు."

"మరి ఏం చేస్తుంది?"

మామీ తలుపు వైపు ఒకసారి చూసింది. "బొబ్బర్లు అమ్ముతుంది," అంది.

పదహారేళ్ళ పిల్లకు వ్యాపారం ఒంటబట్టిందంటే మంచిదే కదా అన్నాను. ఆవిడ నా వైపు ఒకలా చూసి, రేపు మా మీటింగ్ ఉంది, వచ్చి తిను, మంగళవారం వస్తే అమ్ముతాను అంది. సోమవారం మూత. ఊళ్ళో ప్రతి సోమవారం బంద్, కొట్లు తెరవరు, బండ్లు తిరగవు, కాబట్టి ఇక్కడ తనూ మూస్తుంది.

నాకు మంగళవారం పొద్దున్నే తిరుగు బస్సు. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు. తొందరలో ఉన్న గిరాకీకి ధర తగ్గదు.

ఆదివారం: హాలు

చర్చి కింద అద్దెకు తీసుకున్న హాలు. నీలం తెలుపు చారల జెండాలు, మడత కుర్చీలు, బాగా పెద్ద స్పీకర్లు. యాభై మంది ఉంటారు. మైకు దగ్గర ఉన్నాయన పా జోసెఫ్. అక్కడ బడిలో లెక్కలు చెప్పి, ఇక్కడ చాలాకాలం టాక్సీ నడిపాడట. బూడిదరంగు టోపీ, గొంతు మాత్రం క్లాసురూములోదే. ప్రభుత్వ సైనికులు కాల్చిన ఊళ్ళ పేర్లు చదివాడు. ఒక్కో పేరు దగ్గర ఒకరో ఇద్దరో లేచి నిలబడ్డారు, అది వాళ్ళ ఊరు. నా పక్కన ఫోను చూసుకుంటున్న లావణ్య దాన్ని బ్యాగులో పెట్టేసింది.

తర్వాత తిండి. బొబ్బర్లు రుబ్బి, ఎర్ర పామాయిల్ కలిపి, అరటాకులో కట్టి ఆవిరికి ఉడికించిన దాన్ని కోకి అంటారు. మన బబ్బెర గుడాలకు, అదే ఉడికించిన బొబ్బర్లకు, అత్తగారింటి చుట్టం లాంటిది. ఇంకొకటి అచు. దంచిన చామదుంప ముద్ద మధ్యలో గుంట చేసి పసుప్పచ్చ పులుసు పోస్తారు. అందరూ చేత్తో తింటున్నారు. చేత్తో తినడం మాకు నేర్పక్కర్లేదని లావణ్యతో గొప్పగా అని, ఐదు వేళ్ళూ పెట్టి కలిపేశాను. ఎదుటి ముసలాయన తినడం ఆపేశాడు. దాన్ని చూపుడు వేలొక్కదానితోనే తినాలట, అంచు నుంచి లోపలికి, గుంట తెగకుండా. నా పళ్ళెంలో గుంట ఎప్పుడో తెగింది. పులుసు నా చీర కుచ్చిళ్ళ మీద ఉంది.

చివర్లో పా జోసెఫ్ చేతులెత్తమన్నాడు. సోమవారాలు మూత. స్వతంత్రం వచ్చేదాకా బడులు మూత. అందరూ ఎత్తారు. వడ్డిస్తున్న మామీ కంఫర్ట్ కూడా గరిటెతో సహా చెయ్యెత్తింది. ఏడేళ్ళ కింద ఇదే మైకులో ఆ మాట మొదట చెప్పిందే మామీ అని పక్కావిడ గర్వంగా నాకు చెప్పింది. హాలు మూలన పిల్లలు లాప్‌టాప్‌లు ముందేసుకుని సోమవారానికి ఇవ్వాల్సిన హోంవర్కు చేసుకుంటున్నారు.

కార్లో లావణ్య అంది, "మీ తెలంగాణ వాళ్ళు కూడా ఇక్కడ ఇలాగే హాళ్ళలో మీటింగ్‌లు పెట్టేవాళ్ళంట కదా వదినా."

"పెట్టిండ్రు. ఈడ చేతులెత్తితే ఆడ మేం షట్టర్లు దించినం."

"పూర్తిగా దించారా?"

"మోకాలు దాక."

అది మా బజారు పద్ధతి. బంద్ రోజు షట్టర్ మోకాలి ఎత్తున ఆపితే, మూసినట్టు రోడ్డుకు తెలుస్తుంది, ఉన్నామని గిరాకీకి తెలుస్తుంది. బేరం వెనక తలుపు దగ్గర. మా అమ్మ సందులోకి తొంగి అటూ ఇటూ చూసి ఒక్కొక్కరినే బయటికి పంపేది. మా బజారులో బంద్ చేయించే నాయకుడి భార్యే పెళ్ళి జాకెట్ ముక్కలకు అలా వచ్చింది. ఆయన అప్పుడు ముందువైపు జై కొట్టిస్తున్నాడు. రాష్ట్రం కావాలనే మేమూ అనుకున్నాం. పెళ్ళి ముహూర్తం మాత్రం ఎవరి కోసమూ ఆగదు.

సోమవారం: వెనక తలుపు

అందుకే సోమవారం కొట్టు మూత అన్న మాటను నేను నా లెక్కలో అర్థం చేసుకున్నాను. మూత అంటే ముందు మూత.

"వదినా, క్లోజ్డ్ అన్నారు కదా. ఎందుకండీ మళ్ళీ?" అంది లావణ్య, ఆఫీస్ కాల్ మ్యూట్‌లో పెట్టి.

"మూసినప్పుడే ధర తగ్గుతది. నువ్వు దింపి పో."

షట్టర్ పూర్తిగా, నేల దాకా దించి ఉంది. కొత్తవాళ్ళు కాబోలు, మోకాలి సంగతి తెలియదనుకున్నాను. చుట్టూ తిరిగి చెత్తడబ్బాల సందులోకి వెళ్ళి వెనక తలుపు తట్టాను. తట్టీ తట్టకముందే తెరుచుకుంది. మామీ నన్ను చూసి, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి లాగి గడియ పెట్టింది.

"అమ్మను. ఇవాళ సోమవారం. వచ్చావు కాబట్టి కూర్చో," అంది.

లైటు లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి నిద్రపోయినట్టు లేదు. ఒళ్ళో ఫోను. నేను బొబ్బర్ల సంచి మీద కూర్చున్నాను. ఇది కొత్తరకం బేరం అనుకున్నాను, ఎదుటివాణ్ణి చీకట్లో కూర్చోబెట్టి నీరసపరచడం. మంచి ఎత్తే, నేనూ నేర్చుకోవాలి అనుకుంటుండగా ఫోను మోగింది.

వాళ్ళ ఊరి మాటలు కలిసిన పిజిన్ ఇంగ్లీషు కొంచెం చెవినబడితే నాకూ తెలిసిపోతుంది. ఫోన్లో మాంకా నాన్న, ఆవిడ తమ్ముడు. బొబ్బర్లు ఇంకా ఇంటికి రాలేదంటున్నాడు. మార్కెట్ ఎప్పుడో అయిపోయింది, దారిలో ఎవరూ లేరు, ఎదురు వెళ్దామంటే నన్ను చూస్తే ఇంకా అనుమానిస్తారు అంటున్నాడు. మామీ, ఇంట్లోనే ఉండు అని పెట్టేసింది.

ఒకరి ఇంటి వ్యాపారంలో నష్టం వస్తే పలకరించడం మర్యాద. "అక్కడ కిలో ఎట్లా పోతున్నాయి?" అని అడిగాను.

ఆవిడ నా వైపు చూసింది. కోపం వస్తుందనుకున్నాను. నేను ఇక్కడ ఉండిపోయే మనిషిని కాదనేమో, చెప్పింది.

ఇవాళ మాంకాకు లెక్కల పరీక్ష. బడులు మూసినా కొందరు టీచర్లు ఇళ్ళలో చదువు చెప్పారు. పిల్లలు యూనిఫాం లేకుండా, సంచిలో అడుగున పుస్తకాలు, పైన బొబ్బర్లు పోసుకుని వెళ్ళేవాళ్ళు. దారిలో అడవి కుర్రాళ్ళు, అంటే తుపాకులు పట్టిన ఉద్యమం వాళ్ళు, ఆపితే బొబ్బర్లు చూపించాలి. చదువుకు పోతోందని తెలిస్తే ఎత్తుకుపోతారు, కొడతారు. సైనికులు ఆపితే ఇంకో రకం భయం. ఫోన్లో పరీక్ష అనే మాట ఎవరూ అనరు. పెద్ద పరీక్ష ప్రభుత్వం పెట్టేది, ఈసారి కొన్ని పేపర్లు సోమవారాల్లోనే పడ్డాయి. బంద్ రోజు ఊరంతా ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కతే నడిచి రావాలి. ఖాళీ రోడ్డు మీద బొబ్బర్లు ఎవరికి అమ్మడానికి వెళ్ళావంటే ఏం చెబుతుంది?

"ఊళ్ళో ఇంటింటికీ తెలుసు ఈ బొబ్బర్ల సంగతి. ఇక్కడే మేం ఎవరమూ తెలియనట్టుంటాం," అంది.

నిన్న చెయ్యెత్తావు కదా అని నేను అడగలేదు. ఆవిడే అంది.

"ఏడేళ్ళ కింద ఒక్క సంవత్సరమే అనుకుని చెప్పాను. ఒక్క సంవత్సరం బడి లేకపోతే ఏం పోతుంది, దేశం వస్తుంది అని. దాన్ని ఇప్పుడు చెల్లదని ఎవరితో చెప్పను? మా పక్కింటి కుర్రాణ్ణి సైనికులు చంపారు. వాడి తల్లి నిన్న నా పక్కనే కూర్చుంది. నాకు దేశమూ కావాలి. మాంకా ఇంటికీ రావాలి."

మా కొట్లోనూ ఇలాంటి మాటలుండేవి. చింతపండు చూడు అని మా నాన్న అన్నాడంటే, ఆ గిరాకీ చేతుల మీద కన్నేసి ఉంచమని. బట్టల కొట్లో చింతపండేమిటని ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు. కానీ ఆ మాట తప్పితే మాకు పోయేది ఒక జాకెట్ ముక్క.

ఇద్దరం కూర్చున్నాం. ఆవిడ కోకి ముక్క ఇచ్చింది, నేను చేతిలోనే పట్టుకున్నాను. గోడ మీద తొగులు చీకట్లో దారాలు మాత్రమే కనబడుతూ వేలాడుతున్నాయి. వాటి ధర ఏమిటో ఆ కాసేపు నాకు గుర్తు రాలేదు. నా విషయంలో అది చెప్పుకోదగ్గ సంగతే.

ముందువైపు షట్టర్ మీద చప్పుడైంది.

"మామీ, ఉన్నావా లోపల?" పా జోసెఫ్ గొంతు. సోమవారం ఎవరి కొట్టు మూసి ఉందో, ఎవరిది లేదో చూసుకుంటూ పోతాడట. "పూర్తిగా దించావు. బాగుంది. ఆ మూల సెలూన్ వాడు తెరిచాడు చూడు."

 సరిగ్గా అప్పుడే ఆవిడ ఒళ్ళో ఫోను మోగింది. ఆ ఇనుప రేకులకు అవతల వినబడనంత చిన్నగా మాత్రం మోగలేదు. ఒకసారి, రెండుసార్లు. ఆవిడ నన్ను చూసింది.  ఎత్తి చెవికి పెట్టుకుంది. విన్నది. కళ్ళు మూసుకుంది.

"బొబ్బర్లు ఇల్లు చేరాయా?" అంది. "అన్నీనా? తడవలేదు కదా?" మళ్ళీ విని, "సరే, ఆరబెట్టు. తిండి పెట్టు," అని పెట్టేసింది.

 షట్టర్ రేకుల సన్న సందుల్లోంచి ఆయన బూట్లు కనబడుతున్నాయి. కదల్లేదు.

"ఎవరి బొబ్బర్లు, మామీ?" అన్నాడు.

"మా తమ్ముడివి."

 రోడ్డు మీద ఒక బస్సు ఆగి వెళ్ళింది.

"మావి వచ్చే సోమవారం," అన్నాడాయన. క్లాసురూము గొంతు కాదది.

మామీ లేచి షట్టర్ దగ్గరికి వెళ్ళింది. ఎత్తలేదు. ఇనుము మీద అరచెయ్యి ఆనించి, "అషియా, పా," అంది.

బూట్లు వెళ్ళిపోయాయి.

ఆవిడ వచ్చి కూర్చుంది. ఫోనును ఏప్రన్‌తో తుడిచి, తుడిచిందే మళ్ళీ తుడిచింది.  వాళ్ళ భాషలో నాకు తెలిసిన ఒక్క మాట అన్నాను.

"అషియా, మామీ."

ఆవిడ కళ్ళు తుడుచుకుని నన్ను చూసింది.

"నో. ఆఫ్రికా," అంది.

ఇద్దరం నవ్వు బయటికి పోకుండా చీర కొంగూ ఏప్రనూ నోటికి అడ్డం పెట్టుకున్నాం. తొగు సంగతి ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అది ఇప్పటికీ మేరీలాండ్‌లో ఆ గోడ మీదే, రెండు వందల ఎనభై దగ్గరే ఉంది. వెళ్తానని లేస్తే, కోకి ఇంకో రెండు పొట్లాలు అరటాకుతో సహా నా సంచిలో పెట్టింది. వెనక తలుపు కొంచెం తెరిచి, తల బయటికి పెట్టి, సందులో అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక నన్ను బయటికి పంపింది.